పాత కారు – ఆప్తవాక్యం



ముప్పై ఆరేళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ బ్రతికిన తెలుగు పండితుడు పాత కార్ల గురించి వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 2025లో నేనొక పాత కారు కొనబోయి, అది కొనక, మరొకటి కొన్నాను. ఆ రెండింటి నడుమ గడచిన మూడు నెలల్లో నాకు కొంత జ్ఞానమూ, కొంత సిగ్గూ కలిగాయి. జ్ఞానం మీకు పనికిరావచ్చు. సిగ్గు సంగతి దాచిపెడితే ఆ జ్ఞానం ఎక్కడినుండి వచ్చిందో తెలియదు కనుక రెండూ వ్రాస్తున్నాను.

మాది కోయిలకుంట్ల. చరిత్ర చదివినవారికి ఇది 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఖజానాను ముట్టడించిన ఊరుగా, మరుసటి యేడాది ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసిన ఊరుగా గుర్తుండి ఉంటుంది. నేటి మా కష్టాలు అంత వీరోచితమైనవి కావు. 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకు వేళకు చేరి, వేళకు తిరిగి రావడమే మాకు పెద్ద పని. 2016లో రైలు వచ్చింది గానీ, రైలు వేళలకూ వైద్యుల వేళలకూ పొత్తు కుదరదు. మిగిలింది బస్సు.

మా ఆవిడకు మధుమేహం వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నది. నెలకొకసారి నంద్యాలలో కంట్లో సూదిమందు వేయించుకోవాలి. వేయించుకున్న రోజున కంటికి పట్టీ, నెత్తిన ఎండ, చుట్టూ దుమ్ము. ఒకనాడు బస్సులో చోటు దొరకక, కడ్డీ పట్టుకుని సగం దారి నిలబడి వచ్చింది. దారిలో ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి, దీపం ఆర్పించి, పడుకుని, "ఏమండీ, వచ్చే నెల పోకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రే కారు కొనాలని నిశ్చయించుకున్నాను. అరవై దాటిన తరువాత తోడల్లుడి కారు మీద డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న ధైర్యం ఎలాగూ ఉన్నది. పదవీ విరమణ సొమ్ములో అమ్మాయి పెళ్ళి అప్పు తీరగా మిగిలినది కదిలిస్తే మూడు లక్షలు. దానికి కొత్త కారు రాదు.

ఈ వార్త ఊళ్ళో ఎలా ప్రాకిందో తెలియదు. నాలుగో రోజుకు నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పదవ తరగతిలో నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు పాత బండ్లు కొని అమ్ముతుంటాడు. వస్తూనే పాదాలకు నమస్కరించాడు.

"సార్, మీకు కారు కావాలంట కదా. నాకు చెప్పకుండా ఎవరెవరినో అడుగుతాండారంట!" అని నిష్ఠూరమాడాడు. తన దగ్గర 2017నాటి చిన్న పెట్రోలు కారు ఉన్నదనీ, తిరిగింది ముప్పై ఒక్క వేల కిలోమీటర్లే అనీ, బయటివారికైతే మూడున్నర అనీ, నాకు మూడు లక్షలకే ఇస్తాననీ చెప్పాడు. "మీ దగ్గర గూడా లాభం చూసుకుంటానా సార్? నాలుగచ్చరాలు నేర్పించినారు నాకు."

ఈ మాటకు కరగని ఉపాధ్యాయుడు ఉంటాడా? కారు చూశాను. తెల్లగా, నిగనిగలాడుతూ, లోపల సంపెంగ వాసనతో ఉన్నది. ఇరవై వేలు బయానా ఇచ్చి వచ్చాను.

"ఎవరికైనా చూపించినారా?" అని అడిగింది మా ఆవిడ.

"మన పిల్లవాడే కదా, చూపించేదేముంది?"

"మన పిల్లవాడు కాబట్టే అడుగుతున్నా. బయటివాడైతే మీరే నాలుగుసార్లు చూసుండేవాళ్ళు."

పట్టీ కట్టిన కన్నుతో ఆమె చూసింది, రెండు కళ్ళూ తెరచుకుని నేను చూడలేదు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పనివ్వండి, అలవాటు పోదు. చదువుకునే రోజుల్లో మాకు తర్కసంగ్రహం పాఠ్యంగా ఉండేది. అందులో యథార్థజ్ఞానానికి నాలుగు సాధనాలు చెబుతారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూడటం, చూచినదానినుండి ఊహించడం, తెలిసినదానితో పోల్చడం, నమ్మదగినవాని మాట వినడం. పాత కారు కొనేవాడికి ఈ నాలుగూ చాలు, కానీ నాలుగూ కావాలి. నేను మొదటి మూడింటినీ వదలి నాలుగవదానితో సరిపెట్టుకున్నాను. ఆ నాలుగవది కూడా నేననుకున్నది కాదని తరువాత తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న సాయిబు గారిని బ్రతిమాలి మరునాడు తెల్లవారుజామున తీసుకువెళ్ళాను. అంత ప్రొద్దున్నే ఎందుకంటే, ఆయన పెట్టిన మొదటి షరతు అది. "ఎవరూ స్టార్టు చెయ్యకముందే చూడాల అయ్యవారూ. వేడిమీదుండే ఇంజను ఎవరికైనా మంచిగానే పలుకుతుంది" అన్నారు. వెళ్ళగానే బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూశారు. చల్లగా ఉన్నది. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే ఒకసారి నడిపి పెట్టాడని అర్థమట. చల్లని ఇంజను మొదటిసారి తిరగడానికి ఎంత మొరాయిస్తుందో, ఏమి చప్పుడు చేస్తుందో, ఏ రంగు పొగ వదులుతుందో అదే దాని అసలు జాతకం.

నైయాయికులు అనుమానానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ పొగ. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించడం. సాయిబు గారి తర్కం ఇంకొక మెట్టు పైన ఉన్నది. సైలెన్సరునుండి నీలిపొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నదని, నల్లపొగ వస్తే పెట్రోలు సరిగా కాలడం లేదని, ఇంజను వేడెక్కిన తరువాత కూడా చిక్కని తెల్లపొగ ఆగకపోతే చల్లబరచే నీరు లోపలికి కారుతున్నదని. ఇంజను ఆయిలు మూత విప్పి లోపలివైపు చూశారు. అక్కడ మజ్జిగ మీగడ వంటి పదార్థం అంటుకుని ఉంటే నీరూ నూనె కలిశాయేమోనని అనుమానించాలి. ఈ కారులో అవేవీ లేవు. నా మనస్సు కుదుటపడింది.

తరువాత టైర్లు చూశారు. టైరు ప్రక్కన అచ్చువేసిన అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ కారుకు నాలుగు టైర్లమీదా 1923 అని ఉన్నది, అంటే 2023లో పందొమ్మిదవ వారం. "ముప్పై వేలు తిరిగిన బండికి నాలుగు టైర్లూ ఎందుకు మార్చినారు?" అన్నారాయన. వయస్సు మీరి మార్చి ఉండవచ్చు కదా అన్నాను. ఉండవచ్చు. అందుకే ఆయన అక్కడ ఆగలేదు. బ్రేకు పెడలు మీది రబ్బరు చూపించారు. గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నది. స్టీరింగు పైభాగం మెరుస్తున్నది. డ్రైవరు సీటు అంచు నలిగింది. ఒక్క సాక్ష్యంతో మీటరు తిప్పారని అనకూడదు, మూడు సాక్ష్యాలు ఒకే మాట చెబుతుంటే వినకుండా ఉండకూడదు. తాళపత్ర ప్రతులలో ప్రక్షిప్త పద్యాలను పట్టుకునే పద్ధతి కూడా ఇదే కదా అనిపించింది. ఛందస్సు ఒక్కటి తేడాగా ఉంటే లేఖకుని పొరపాటు కావచ్చు. ఛందస్సూ, భాషా, కథా మూడూ తేడాగా ఉంటే ఎవరో చేర్చినదే.

తలుపుల సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయో లేదో వ్రేలితో కొలిచారు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బండి చుట్టూ ఆనించుకుంటూ వెళ్ళారు. లోపల లప్పం పూసి పైన రంగు కొట్టినచోట అది పట్టుకోదు. అద్దాల మూలల్లోని గుర్తులు చూసి, ఒకటి వేరే సంవత్సరానిదైతే అది పగిలి మార్చినదని చెప్పారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడు వెనుక సీటులో కూర్చుని సీటు బెల్టు లాగారు. మనం కట్టుకోవడానికి లాగేంత కాదు, ఇక రాదన్నంతవరకు. బెల్టు చివరి మూర బయటికి వచ్చింది. దానిమీద అడ్డంగా ఒక గీత. గీతకు క్రింద లేత మట్టిరంగు, పైన అసలు నలుపు. వ్రేలితో రాస్తే సన్నని పొడి రాలింది.

"ఇది మన నల్లరేగడి గాదు అయ్యవారూ. ఈ బండి నీళ్ళలో నిలబడి వచ్చింది."

డిక్కీ తెరచి, స్టెప్నీ ఎత్తి, దాని క్రింది గుంటలో అదే పొడి చూపించారు. ముందు సీటు పట్టాలకు తుప్పు, క్రింది తివాచీ ఎత్తితే ముక్క వాసన. సంపెంగ అత్తరు ఎందుకు చల్లారో అప్పుడు తెలిసింది. నెంబరు పలక వైపు చూశాను. ఏపీ 16. 2019లో రాష్ట్రమంతటికీ 39 అనే ఒకే సంఖ్య రాకముందు 16 కృష్ణా జిల్లాది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న సంగతి మీకు గుర్తే. వీధుల్లో నిలిపిన బండ్లన్నీ అలాగే మునిగాయి. ఈ కారు అందులోదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కొండమీద పొగ కనబడింది, అంతే.

వరద వచ్చిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2019 సెప్టెంబరులో మా కుందూ నది పొంగినప్పుడు మా ప్రక్కనే, బండ్లు మునిగాయి. మునిగిన కార్లలో కొన్నిటికి భీమా సంస్థలు సొమ్ము చెల్లించి, వాటిని తుక్కు లెక్కన వేలం వేస్తాయి. తుక్కుగా కొన్నదానిని కడిగి, ఆరబెట్టి, ఎవరూ ఎరుగని దూరపు ఊరికి తెచ్చి అమ్మేవారున్నారు. ఇంజను బాగుచేయవచ్చు. తీగల ముడులలో చేరిన తేమ మాత్రం నెలల తరబడి లోలోపల తింటూనే ఉంటుంది. ఒకనాడు దీపాలు ఆరిపోతాయి, ఒకనాడు నడిరోడ్డుమీద ఇంజను ఆగిపోతుంది. అన్నిటికంటె భయంకరమైనది, ప్రమాద సమయంలో తెరుచుకోవలసిన గాలిబుడగ తెరుచుకోకపోవచ్చునట. ఆ సీటులో కూర్చోవలసినది ఎవరో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ మధ్యాహ్నం శిష్యుణ్ణి కలిశాను. బెల్టు సంగతి చెప్పాను. మొదట "ఎవరు చెప్పినారు సార్ మీకు?" అన్నాడు. తరువాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, "విజయవాడలో ఒక మధ్యవర్తి దగ్గర తీసుకున్నా సార్. నీళ్ళలో తడిసిందని వాడు చెప్పలేదు" అన్నాడు.

"నువ్వు అడిగావా?"

"తక్కువకు వస్తాంటే ఎవరు అడుగుతారు సార్?"

బయానా సొమ్ము అప్పుడే లెక్కపెట్టి ఇచ్చాడు. నా ముఖం చూసి, నన్ను ఓదార్చడానికే కాబోలు, "మీరేం బాధపడొద్దండి సార్. వేరేవాళ్ళు ఎవరైనా తీసుకుంటార్లే" అన్నాడు.

ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. వాడిమీద కోపం వల్ల కాదు. ఆ మాటను నేను ఇదివరకే ఒకసారి నా మనస్సులో అనుకుని ఉన్నాను.

1999లో నా బజాజ్ చేతక్ అమ్మాను. కొన్నది మా పాఠశాలలోనే కొత్తగా చేరిన ఒక యువ ఉపాధ్యాయుడు. ఆ స్కూటరు ఉదయంపూట స్టార్టు కావడానికి ఇరవై తన్నులు తన్నించుకునేది. ఇంజను బోరు అరిగిందని, ఎక్కువ కాలం ఉండదని మెకానిక్కు నాకు చెప్పి ఉన్నాడు. అతడు చూడటానికి వచ్చే ఆదివారం నేను ప్రొద్దున్నే లేచి బజారుదాకా వెళ్ళి వచ్చి బండిని వేడిగా ఉంచాను. "అంతా బాగుందా సార్?" అని అతడు అడిగితే, "నేను రోజూ తిరిగే బండే కదా" అన్నాను. అబద్ధమేమీ లేదు. అశ్వత్థామ విషయంలో ధర్మరాజు పలికినపాటి సత్యం అందులో ఉన్నది. రెండు నెలలకు ఇంజను పట్టేసింది. ఎంత ఖర్చయిందో అతడు నాతో ఏనాడూ అనలేదు. అటెండరు ద్వారా తెలిసింది. ఆ తరువాత కూడా అతడు బడిలో నాకు ఎదురైతే పక్కకు తొలగి దారి ఇచ్చేవాడు.

దానికి శిక్ష వేరే దారిలో వచ్చింది. అమ్మినప్పుడు పత్రాలమీద సంతకాలు చేసి ఇచ్చాను గానీ, యాజమాన్యం మారిందో లేదో కనుక్కోలేదు. అతడు ఇంకొకరికి అమ్మాడు, ఆ ఇంకొకరు మరొకరికి. నాలుగేళ్ళ తరువాత ఆ స్కూటరు ఒక మనిషిని గుద్దితే, కానిస్టేబులు నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చాడు. రికార్డుల్లో యజమానిని నేనే. దెబ్బలు పెద్దవి కానందున పెద్దమనుషుల సమక్షంలో పరిష్కారమైంది. ఇలాంటి వ్యవహారంలోనే, కారు వరుసగా చేతులు మారినా పత్రంలో పాత యజమాని పేరే మిగిలిపోయినప్పుడు, నష్టపరిహారానికి పత్రంలో ఉన్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్ కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి అమ్మేవారూ వినండి: సొమ్ము చేతికి రావడంతో అమ్మకం పూర్తి కాదు.

మరునాడు మళ్ళీ శిష్యుని దగ్గరకు వెళ్ళి ఈ చేతక్ కథ మొత్తం చెప్పాను. ముప్పై ఆరేళ్ళలో ఏ విద్యార్థికీ చెప్పని పాఠం అది. "ఆ కారు అమ్ముకో, వద్దనను. కొనేవాడికి ఆ బెల్టు లాగి చూపించి అమ్ము" అన్నాను. వాడు నేలవైపు చూస్తూ, "చూస్తాను సార్" అన్నాడు.

మళ్ళీ వెతుకులాట మొదలైంది. ఈసారి ఉపమాన ప్రమాణాన్ని కూడా పట్టుకున్నాను. కొనదలచిన రకం కారును తెలిసినవారి దగ్గర ఒకసారి నడిపి చూస్తే, అమ్మే కారు నడకలో తేడా తెలుస్తుంది. ధర కూడా అంతే. అదే రకం, అదే సంవత్సరం బండ్లు నాలుగింటి ధరలు వ్రాసుకున్నాను. 2025 సెప్టెంబరు 22నుండి చిన్న కార్లమీద జి.ఎస్.టి. 28 శాతంనుండి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతది కూడా దిగాలి కదా. ఆ సంగతి ఎరుగనట్టు పాత ధరలే చెప్పేవారు చాలామంది తగిలారు. ఒక పెద్ద డీజిలు బండి మరీ చవకగా వచ్చింది. ఢిల్లీ బండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లమీద 2015లో హరిత న్యాయస్థానం నిషేధం విధించాక అలాంటివి దక్షిణాదికి చాలా వచ్చాయి. అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషను, ఇక్కడి జీవితపన్ను కలిపి లెక్కవేస్తే ఆ చవక నిలువలేదు.

చివరికి ఆళ్ళగడ్డలో ఒక పెద్దాయన దొరికారు. బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవారు. కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్ళిపోతూ కారు అమ్ముకుంటున్నారు. నేనెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు. మంచినీళ్ళు ఇచ్చి, నేను నోరు తెరవకముందే చెప్పడం మొదలుపెట్టారు. "2021లో ఒక బర్రె అడ్డమొచ్చి ముందుభాగం దెబ్బతిన్నది. బంపరూ ఎడమవైపు లైటూ మార్పించినాను, ఇదిగో బిల్లు. ఏ.సి. గ్యాసు ప్రతి ఎండాకాలం పోతుంది, ఎక్కడ కారుతుందో ఎవరూ పట్టుకోలేదు. చలికాలంలో రెండో గేరు గట్టిగా ఉంటుంది. తిరిగింది యాభై ఎనిమిది వేలు." మీటరూ, సర్వీసు పుస్తకమూ అదే చెప్పాయి. సాయిబు గారు గంటసేపు చూసి, పెద్దాయన చెప్పిన మూడు లోపాలకు నాలుగవది చేర్చలేకపోయారు.

ఇంటికి వస్తున్నప్పుడు తర్కసంగ్రహం మళ్ళీ గుర్తుకువచ్చింది. శబ్దప్రమాణమంటే ఆప్తుని వాక్యం. ఆప్తుడంటే ఎవరు? శాస్త్రంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మన తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు. ఒకే మాటకు రెండు అర్థాలు. పెళ్ళి పత్రికలో రెండవ అర్థంతో వాడినా ఇబ్బంది లేదు. బండి బేరంలో మాత్రం ఆ రెండవ అర్థాన్ని మొదటి అర్థంగా భ్రమిస్తాము. శిష్యుడు నాకు తెలుగు ఆప్తుడు. ఆళ్ళగడ్డ పెద్దాయన శాస్త్రం చెప్పిన ఆప్తుడు. చేతక్ కొన్న ఆ యువకునికి నేను ఏ ఆప్తుణ్ణో కూడా అప్పుడే తెలిసింది.

దగ్గరివారంతా మోసగాళ్ళని నా అభిప్రాయం కాదు. దగ్గరివారి దగ్గర మనం పరీక్షించడానికి సిగ్గుపడతాము. వారు చెప్పడానికి సిగ్గుపడతారు. ఈ రెండు సిగ్గుల మధ్య బెల్టు చివరి మూర బయటికి రాకుండా ఉండిపోతుంది. మొహమాటం అనే మాటకు బండ్ల బజారులో ఖరీదు కట్టవచ్చు. నా విషయంలో అది మూడు లక్షలు కావలసింది.

ఇంత నమ్మకం కలిగించిన పెద్దాయన విషయంలో కూడా పత్రాలను వదలలేదు. ఆయనే వదలనివ్వలేదు. రిజిస్ట్రేషను పత్రంలోని పదిహేడు అక్షరాల ఛాసిస్ నెంబరును బండిమీద చెక్కిన నెంబరుతో అక్షరం అక్షరం సరిచూశాము, ఇంజను నెంబరు కూడా. బండిపై అప్పు ఉంటే అప్పిచ్చిన సంస్థ పేరు ఆ పత్రంలోనే ఉంటుంది. అప్పు తీరినా ఆ పేరు తొలగించకపోతే బండి మన పేరుకు మారదు. ఆ సంస్థ ఇచ్చే బాకీలేని పత్రమూ, దానితోపాటు 35వ నెంబరు ఫారమూ అడిగి తీసుకోవాలి. కట్టని చలానాలు ఉన్నాయేమో అంతర్జాలంలో బండి నెంబరు కొట్టి చూశాము. రెండు ఉన్నాయి. ఆయన అప్పుడే కట్టేశారు.

29, 30 నెంబరు ఫారాలమీద ఇద్దరమూ సంతకాలు చేశాము. తేదీ లేని ఖాళీ ఫారాలు ఇవ్వనూ వద్దు, పుచ్చుకోనూ వద్దు. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలని 1988నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. భీమాను కొన్నవాడు పద్నాలుగు రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మనిషిదే గాని బండిది కాదు, అది మనకు రాదు. డీలరు దగ్గర కొనేవారు మరొకటి గమనించాలి. 2023 ఏప్రిల్ 1నుండి పాత వాహనాల డీలర్లు రవాణాశాఖ వద్ద అధికారపత్రం పొందాలి, బండి తమ చేతికి వచ్చినట్టు శాఖకు తెలియజేయాలి. ఆ పత్రం చూపించమని అడగడం మన హక్కు.

ధర రెండు లక్షల తొంభై వేలు చెప్పి, ఏ.సి. లోపానికి తానే పదిహేను వేలు తగ్గించారు. సొమ్ము బ్యాంకు ద్వారా పంపాను. నెల తిరిగేలోగా బండి నా పేరుకు మారింది.

కార్తీకమాసంలో మొదటిసారి మా ఆవిడను ఆ కారులో నంద్యాల తీసుకువెళ్ళాను. రెండో గేరు నిజంగానే గట్టిగా ఉన్నది. తిరుగు ప్రయాణంలో సీటు వెనక్కి వాల్చుకుని, కంటికి పట్టీతో, ఊరు చేరేదాకా నిద్రపోయింది. వచ్చే నెల సంగతి మళ్ళీ అడగలేదు.

సంక్రాంతికి శిష్యుడు ఇంటికి వచ్చాడు. ఎప్పటిలాగే పాదాలకు నమస్కరించాడు. ఆ తెల్ల కారు అమ్మేశాననీ, నీళ్ళలో మునిగిన బండి అని కాగితంమీద వ్రాసి ఇచ్చాననీ, సగం ధర కూడా రాలేదనీ చెప్పాడు. సంతోషించాను. అరిసెలు పెట్టి పంపించాము.

ఆ కాగితం చూపించమని మాత్రం అడగలేకపోయాను. ఇంత వ్రాసినవాడిని, అడిగి ఉండవలసింది.